అతకని గాజు

శరభయ్య స్వామివారికి ఒక అలవాటు ఉండేది. యాత్రకు వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ ఆయన గుడికన్నా ముందు బజారుకు నడిచేవారు. బజారంటే బొరుగులూ బొట్టుబిళ్ళలూ అమ్మే కొట్లు కావు. ఆ ఊళ్ళోనే ఎవరి చేతిలోనైనా తయారయ్యే వస్తువు ఏదైనా ఉంటే, అది తయారయ్యే వీధి కనుక్కుని అక్కడికి వెళ్ళేవారు. కుమ్మరి సారె దగ్గరో, మగ్గం గుంట దగ్గరో గంటసేపు చతికిలబడి కూర్చునేవారు. వెంట వచ్చిన శిష్యులు తడిబట్టలతో, పూలసజ్జలతో ఎండలో నిలబడి, గుడి తలుపులు ఎక్కడ మూసేస్తారోనని తమలో తాము గొణుక్కునేవారు. ఆయనకు అది వినపడేది కాదు. వినపడినా వినపడనట్టు ఉండేవారని కొందరి అభిప్రాయం.

ఆయన పెట్టిన నియమం ఒక్కటే. యాత్రకు వచ్చిన ప్రతివాడూ ఇంటి దగ్గర ఉండిపోయిన మనిషికి ఒక వస్తువు పట్టుకువెళ్ళాలి. అది వెళ్ళిన ఊరి చేతిపని అయి ఉండాలి. సత్రానికి తిరిగి వచ్చాక స్వామివారు దాన్ని చేతిలోకి తీసుకుని, "ఎవరు చేశారు?" అని అడిగేవారు. పేరు చెప్పగలిగితే సంచిలో పెట్టుకోవచ్చు. "బజార్లో కొన్నాను స్వామీ" అంటే, "బజారు చెయ్యదు నాయనా, అమ్ముతుంది" అని వెనక్కి పంపేవారు. ఒక పెద్దమనిషి చెక్క గరిటె చేసినవాడి పేరు కోసం నాలుగు మైళ్ళు వెనక్కి నడిచాడు. ఆ గరిటె ఇప్పటికీ వాళ్ళింట్లో ఉంది. దాంతో చారు పోసుకున్నప్పుడల్లా ఆ వడ్రంగి పేరు గుర్తొచ్చి చస్తున్నానని ఆయన విసుక్కుంటూ ఉంటాడు.

ఈ శిష్యుల్లో ఓబుళయ్య అని ఒకడు. నల్లరేగడి పల్లెలో పదెకరాల సేద్యం, ఒక బర్రె, ఒక భార్య. పిల్లలు లేరు. ఏభయ్యో ఏట అడుగుపెట్టాడు. చీకటితో లేచి తన నీళ్ళు తనే కాచుకుని స్నానం చేసేవాడు. ఆ తర్వాత పారాయణ, జపం. పొలం నుంచి వచ్చాక మళ్ళీ పారాయణ. స్వామివారి సభల్లో ఎవరు ఏ సందేహం అడిగినా, ఆయన నోరు తెరిచేలోగా సమాధానం చెప్పగలిగేవాడు ఓబుళయ్యే. ఊళ్ళో అతన్ని తప్పుపట్టేవాళ్ళు లేరు. అతనూ తనను తాను ఎన్నడూ తప్పుపట్టుకుని ఎరగడు. వచ్చిన చిక్కంతా ఇక్కడే వచ్చింది.

ఆ ఏడు ఫాల్గుణ మాసంలో యాత్ర చివరి మజిలీ ఎర్రమెట్ల. ఆ ఊరి కొండమీదే స్వామివారి కుటీరం. ప్రతి ఏడూ అక్కడికి చేరగానే శిష్యులు సాయంత్రం నాలుగింటి బస్సెక్కి ఇళ్ళకు వెళ్ళిపోయేవారు. ఆయన ఒక్కరే మెట్లెక్కి పైకి పోయేవారు. ఆ రోజు పొద్దున్నే సత్రం వసారాలో స్వామివారు మజ్జిగ తాగుతూ ఉండగా ఓబుళయ్య వచ్చి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. చాలాకాలంగా మనసులో మోస్తున్న మాట ఆ వేళ బయటపెట్టాడు.

"స్వామీ, నన్నిక ఇంటికి పంపకండి. మీతో కొండెక్కనివ్వండి. ఇరవై ఆరేళ్ళు సంసారం చేశాను. ఆ ఇంట్లో నాకు తెలియనిది ఏమీ మిగల్లేదు. తెలిసినదాన్నే తిప్పి తిప్పి చూసుకుంటూ కూర్చుంటే తెలియనిదేదో నాకు ఎప్పటికి కనపడుతుంది?"

"మీ ఇంటావిడతో చెప్పావా?" అన్నారు స్వామివారు.

"మనవాళ్ళతో చెప్పి పంపుతాను. సుంకులమ్మ ఏమీ అనదు స్వామీ. పొలం కౌలుకిస్తే తిండికి లోటుండదు. ఒంటరిగా ఉండలేనంటే తమ్ముడింటికి పోతుంది. ఆమె సంగతి నాకు తెలుసు."

స్వామివారు లోటా అడుగున మిగిలిన మజ్జిగ చుక్కలు కూడా తాగి లోటా బోర్లించారు. ఓబుళయ్య ఆయన నోటివెంట వాదం వస్తుందనుకున్నాడు. గృహస్థధర్మం గురించి ఆయన ఏ మాట అంటే తను ఏ శ్లోకం చెప్పాలో కూడా నిర్ణయించుకుని ఉన్నాడు. ఆయన మాత్రం, "ఆవిడకేం కొన్నావు?" అని అడిగారు.

"ఇంకా ఏమీ కొనలేదు."

"ఈ ఊరు లక్క గాజులకు పేరు. దర్గా వెనక వీధిలో పీరమ్మ అని ఉంది. మీ ఆవిడ చేతులకు సరిపోయే జత ఒకటి చేయించుకుని రా. వెళ్ళేవాళ్ళతో పంపిద్దాం. అది అయ్యాక నాతో కొండెక్కుదువుగాని."

ఓబుళయ్యకు నమ్మబుద్ధి కాలేదు. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటారని అతను అనుకోలేదు. పదేళ్ళ కోరిక ఒక జత గాజుల దూరంలో ఉంది. కండువా దులిపి భుజాన వేసుకుని, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే బయలుదేరాడు.

గుడి మెట్ల దగ్గర గాజుల కొట్లు వరసగా ఉన్నాయి. అద్దాల పెట్టెల్లో రంగురంగుల లక్క గాజులు జిగేల్‌మంటున్నాయి. అందులో ఒక జత తీసుకుని అయిదు నిమిషాల్లో తిరిగి పోవచ్చు. కానీ "ఎవరు చేశారు?" అనే ప్రశ్న వెనక కాచుకుని ఉందని తెలుసు కనుక అతను అక్కడ ఆగలేదు. దర్గా పక్క సందులోంచి వెనక వీధికి వెళ్ళాడు. లక్క కాలే వాసన ఇల్లు చూపించింది.

పీరమ్మకు డెబ్బయి దాటి ఉంటాయి. పొట్టి మనిషి. చూపు మందగించి కళ్ళు చికిలించి చూస్తోంది. ముందర బొగ్గుల కుంపటి, పక్కన నీళ్ళ ముంత, ఒక కొస లావుగా ఒక కొస సన్నగా ఉన్న నున్నటి కొయ్య, ఎర్రటి లక్క ముద్దలు. వసారాలో ఎక్కడా ఒక్క గాజు కూడా అమ్మకానికి పెట్టి లేదు. ఓబుళయ్య అటూ ఇటూ చూసి, తప్పు ఇంటికి వచ్చానేమో అనుకున్నాడు.

"ఏం గావాల నాయనా?" అంది పీరమ్మ.

"ఒక జత గాజులు కావాల అవ్వా. మా ఇంటామెకు."

"చెయ్యి తెచ్చినావా?"

ఓబుళయ్య తెల్లబోయాడు.

"కొలత నాయనా, కొలత. చేసి పెట్టిన గాజులు నా దగ్గర ఉండవు. చెయ్యి చూసి చేస్తా. చెయ్యి రాకపోతే పాత గాజన్నా తెస్తారు, ల్యాకుంటే కొలిచిన దారమన్నా తెస్తారు. చల్లారినాక లక్క సాగదు. చిన్నదైతే ఎముక కాడ ఇరుక్కుంటాది, పెద్దదైతే చెంబుకో రోలుకో తగిలి పగుల్తాది. నువ్వేం తెచ్చినావు?"

అతను ఏమీ తేలేదు. అందుకని లోకంలో మగవాళ్ళంతా ఇలాంటప్పుడు చేసే పనే చేశాడు. రెండు చేతుల వేళ్ళూ గుండ్రంగా కలిపి, "ఇంత ఉంటాది" అన్నాడు.

పీరమ్మ కళ్ళు చికిలించి చూసింది. "అది బిందె మూతి. ఇంగ కొంచెం తగ్గియ్యి."

అతను తగ్గించాడు.

"ఇప్పుడు ముంత," అంది పీరమ్మ, నవ్వకుండానే.

ఓబుళయ్యకు చిన్నతనం అనిపించింది. ఇంతలో ఒక సంగతి గుర్తొచ్చి ముఖం వికసించింది. పెళ్ళినాడు గాజులామె సుంకులమ్మ చెయ్యి నొక్కి చూసి, అందరికీ వినపడేలా "రెండుంబావు" అని కేక వేసింది. ఆ మాట అతనికి బాగా గుర్తుంది. "రెండుంబావు అవ్వా," అన్నాడు ధీమాగా.

"ఎప్పటి మాట?"

"మా పెండ్లప్పటిది."

"అది పదహారేండ్ల పిల్ల చెయ్యి. ఆ పిల్ల ఇప్పుడు యాడుంది?" అంది పీరమ్మ. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది. తరవాత లక్క ముద్దను కుంపటికి ఆనించి తిప్పుతూ ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. చెంబు తోమేటప్పుడు ఆమె చెయ్యి లోపలికి పోతుందా, పోక బట్టచుట్టిన పుల్లతో తోముతుందా? ఉంగరం ఏ వేలికి పెట్టుకుంటుంది? రొట్టె తట్టితే ఎంత పెద్దది తడుతుంది? ఇప్పుడు ఆమె చేతికి ఉన్న గాజులు వదులుగా ఆడుతుంటాయా, మణికట్టును పట్టుకుని ఉంటాయా?

ఓబుళయ్య ప్రతి ప్రశ్నకూ తెలీదనే చెప్పాడు. సభలో స్వామివారికన్నా ముందు నోరు తెరిచే మనిషి, ఒక లక్క గాజుల ముసలమ్మ ముందు వరసగా తెలీదు, తెలీదు అంటున్నాడు. "అవ్వా, నేను ఆడోళ్ళ చేతులు చూసుకుంటూ కూర్చునే మనిషిని కాదు. నాకు వేరే పనులున్నాయి," అన్నాడు కాస్త గట్టిగానే.

"ఉంటాయిలే," అంది పీరమ్మ. బొగ్గుల మీద బూడిద పోయేలా విసనకర్రతో విసిరి మళ్ళీ అడిగింది. "ఇంట్లో గొడ్డుందా?"

"బర్రె ఉంది."

"పిడకలు ఎవరు కొడతారు?"

"ఆమే."

"గోడకు ఆరినాక ఎవరు ఊడదీస్తారు?"

"నేనే. తెల్లారుజామున నీళ్ళు కాచుకోడానికి నేనే నాలుగు తీస్తా."

పీరమ్మ చేతిలో లక్క తిప్పడం ఆపింది. "ఎట్ల తీస్తావు? చెయ్యి పెట్టి చూపియ్యి నాయనా. ఇదో, ఈ గోడే అనుకో."

పిడక తీయడం తెలియనిది ఎవరికి? ఓబుళయ్య లేచి గోడకు కుడి అరచెయ్యి ఆనించాడు. వేళ్ళు విడదీసి, కొంచెం నొక్కి, మెల్లగా తిప్పాడు. అలా తిప్పితే పిడక విరగకుండా ఊడి వస్తుంది. రోజూ చీకట్లో చేసే పని కనుక చూడనక్కర్లేకుండానే చెయ్యి దానంతట అది చేసింది.

"వేళ్ళు అట్ల ఎడంగా ఏంటికి పెట్టినావు?" అంది పీరమ్మ.

"పిడక మీద గుంటలుంటాయి కదవ్వా, వేళ్ళ అచ్చులు. వాటిలో పెడితే పట్టు దొరుకుతాది."

"ఎవరి వేళ్ళ అచ్చులు?"

ఓబుళయ్య చెయ్యి గోడమీదే ఉండిపోయింది. ఇరవై ఆరేళ్ళుగా ప్రతి తెల్లవారుజామునా అతను తన చేతిని సుంకులమ్మ చేతిలో పెట్టి పొయ్యి రాజేసుకుంటున్నాడు. ఈ సంగతి ఇంతవరకూ అతనికి తట్టలేదు. వీధిలో ఎవరో మేకలు తోలుకుపోతున్నారు, మెడ గంటలు వినపడుతున్నాయి.

"ఇప్పుడు చెప్పు. నీ వేళ్ళు ఆమె గుంటల్లో ఎట్ల పడతాయి?"

"నావి లావు. ఆమె నాలుగు గుంటల్లో నావి మూడే పడతాయి. చిటికెన వేలు బయట ఉండిపోతాది." చెబుతున్నది తనే అయినా, ఎవరో చెబుతుంటే వింటున్నట్టుగా ఉంది ఓబుళయ్యకు.

పీరమ్మ దారం తీసుకుని అతని మూడు వేళ్ళ చుట్టూ తిప్పి కొలిచింది. తనలో ఏదో లెక్క చూసుకుంది. "బొటనవేలు? అది యాడ పడతాది?"

ఓబుళయ్య బొటనవేలు కదిపాడు. గోడమీద దానికి చోటు వెతుకుతున్నట్టు అటూ ఇటూ జరిపాడు. "ముందు పడేది. ఈ మధ్య పడటం లేదు. దాని కింద గుంట ఉండటంలేదు. పట్టు దొరక్క రెండు మూడు పిడకలు విరిగినాయి కూడా," అన్నాడు.

"కండ్లు మూసుకో."

"ఏంటికి?"

"నువ్వు చూసింటావో లేదో గానీ నీ కండ్లు చూసింటాయి. మూసుకో."

కళ్ళు మూసుకోవడం ఓబుళయ్యకు కొత్త కాదు. పదేళ్ళుగా రోజుకు రెండుపూటలా మూసుకుంటున్నాడు. మూసుకున్నప్పుడల్లా ఏదో ఒక వెలుగు కనపడుతుందని ఎదురుచూడటం, చీకటి తప్ప ఏమీ కనపడకపోవడం అతనికి మామూలే. ఈసారి మాత్రం కళ్ళు మూసీ మూయగానే పెరటి గోడ కనపడింది. సున్నం పెచ్చులూడిన చోటూ, మూడో వరస కింద నీళ్ళ తొట్టీ, గోడ నిండా పిడకలూ, వాటి మీద అచ్చులూ అన్నీ కనపడ్డాయి. స్నానం చేస్తూ, స్తోత్రాలు చదువుకుంటూ రోజూ ఎదురుగా నిలబడే గోడ అది. పై వరసల్లో పాత పిడకలు. వాటిమీద బొటనవేలు అచ్చు ఎడమవైపు పడి ఉంది. కింది వరసల్లో కొత్తవి. వాటిమీద కుడివైపు పడింది.

అతను కళ్ళు తెరవకుండానే కుడిచెయ్యి దించి ఎడమచెయ్యి ఎత్తాడు. గాలిలో ఆ కొత్త అచ్చు మీద దాన్ని ఆనించాడు. అది సరిగ్గా సరిపోయింది.

"ఎడమచేత్తో కొడుతోంది," అన్నాడు.

"ఆమెది ఎడమచేతి వాటమా?"

"కాదు."

ఓబుళయ్య గోడ పక్కనే చతికిలబడ్డాడు. కార్తీకంలో ఒకనాడు భజన చేసేవాళ్ళు ఇద్దరు ఇంటికి భోజనానికి వచ్చారు. సుంకులమ్మ ఎడమచేత్తో పప్పు వడ్డించబోయింది. ఎడమచేత్తో వడ్డించడమంటే విస్తరి ముందు కూర్చున్న మనిషిని అవమానించడమే కదా. అతిథుల ముందు తల కొట్టేసినట్టయి, "మీ ఇంట్లో పెద్దోళ్ళు నేర్పలేదా ఇది?" అన్నాడు అతను. ఆమె గరిటె కుడిచేతికి మార్చుకుంది. గరిటె వణికి పప్పు నేలమీద ఒలికింది. కోపంతో ఒలకబోసిందనుకున్నాడు. ఆనాటి నుంచీ గరిటె సగమే నిండి వచ్చేది. ఆమె నాలుగుసార్లు లేచి వచ్చి వడ్డిస్తే గానీ విస్తరిలోకి సరిపడా పడేది కాదు. వయసు మీదపడితే ఆడవాళ్ళకు చెయ్యి బిగుస్తుందని దాని గురించి సభలో పరిహాసం కూడా ఆడాడు. అందరూ నవ్వారు. అందరితోపాటు అతనూ నవ్వాడు.

దానికి ముందు ఇంకొకటి ఉంది. దీపావళి మర్నాడు అతను పారాయణలో ఉండగా పెరట్లోంచి ఆమె ఒక్కసారి పిలిచింది. అతను పుస్తకం మీంచి కళ్ళెత్తకుండా, ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. పెరట్లో ఉన్న మనిషికి ఆ చెయ్యి కనపడదని కూడా ఆలోచించలేదు. ఆమె మళ్ళీ పిలవలేదు. అధ్యాయం పూర్తయ్యాక అతనికి ఆ పిలుపు గుర్తే లేదు.

వీటన్నిటినీ ఓబుళయ్య పీరమ్మకు చెప్పాడు. ఎందుకు చెబుతున్నాడో అతనికే తెలియదు. స్వామివారికి కూడా ఎప్పుడూ ఇలా ఏదీ చెప్పుకోలేదు. పీరమ్మ వింటూనే లక్కను మెత్తగా కాచి, చెక్కతో పీటమీద దొర్లించి తాడులాగా సాగదీసింది. దాన్ని కొయ్యకు చుట్టి, రెండు కొసలూ నిప్పుకు చూపించి కలిపింది. అతుకు ఎక్కడుందో కనపడకుండా వేలితో నిమిరింది. ఉడుకు లక్కను అలా ఒట్టి వేలితో నిమురుతుంటే చూసేవాళ్ళకే చురుక్కుమంటుంది. ఆమె మాత్రం మాటిమాటికీ వేలు నీళ్ళ ముంతలో ముంచుకుని తన పని తను చేసుకుపోయింది. కొయ్యమీంచి గాజు జారి ఆమె ఒళ్ళో పడింది.

"ఇది ఎడమచేతిది. రెండున్నర. పని అంతా ఆ చేత్తోనే చేస్తాంది గాబట్టి ఎముకలు కొంచెం గట్టిపడింటాయి. ఒక నూలుపోగు ఎక్కువే పెట్టినా. బొటనవేలు మడిచి తోస్తే ఎక్కుతాది, మళ్ళ జారదు."

ఓబుళయ్య ఆ గాజును రెండు చేతులా అందుకున్నాడు. ఇంకా గోరువెచ్చగా ఉంది. దాని గుండ్రంలోకి చూస్తే సుంకులమ్మ చెయ్యి అందులో ఉన్నట్టే ఉంది. ఈ ముసలామె సుంకులమ్మను ఎన్నడూ చూడలేదు. ఆమె ఊరు పేరు కూడా అడగలేదు. ఆమె గురించి ఏమీ తెలియని ఒక మొగుడి దగ్గర నుంచి ఆమె చేతిని బయటికి తీసి ముందు పెట్టింది. ఓబుళయ్య ఎన్నో కొండలెక్కాడు, ఎన్నో గర్భగుళ్ళ ముందు నిలబడ్డాడు. మాట పడిపోయేంత ఆశ్చర్యం, దానితోపాటు కొంచెం భయం, అతనికి ఆ వసారాలోనే మొదటిసారి కలిగాయి. అతనికి తెలియకుండానే చేతులు జోడించాడు.

పీరమ్మ అది చూసుకోలేదు. రెండో గాజుకు లక్క సాగదీస్తోంది. దాన్నీ కొయ్యకు చుట్టింది, దాన్నీ నున్నగా నిమిరింది. కానీ కొసలు రెండూ కలపలేదు. మధ్యలో చిటికెన వేలంత సందు వదిలి చల్లారనిచ్చింది.

"ఇది అతకలేదవ్వా," అన్నాడు ఓబుళయ్య.

"అతకను. వాచిన చేతికి కొలత ఉండదు నాయనా. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఆమె నిన్ను పిలిచిన దినం విరిగి వంకరగా అతుక్కుందో, బెణికి అట్లనే ఉండిపోయిందో నాకేం తెలుసు? మూసిన గాజు ఆ చేతికి ఎక్కదు. ఉన్నెవి ఎప్పుడో పగలగొట్టి తీసేసింటాది. కుడిచెయ్యి కొంగు కింద దాచుకోని తిరుగుతాంటాది, చూడు పోయి."

సుంకులమ్మ కొంగు లాక్కుని చేతిమీద కప్పుకోవడం అతను ఇంట్లో చూశాడు. మగవాళ్ళ ముందు చూపించే మర్యాద అనుకున్నాడు.

"మరి ఇది ఎట్ల తొడుక్కోవాల?"

"ఆమె తొడుక్కోలేదు. ఒక మనిషి తొడగాల. పళ్ళెంలో రెండు బొగ్గులు పెట్టుకోని గాజును పైపైన వెచ్చచెయ్యి. మెత్తబడినాక సందు తెరుచుకుంటాది. మణికట్టుకు తడిగుడ్డ చుట్టి, దాని మీంచి గాజు తిప్పి, కొసలు నిప్పుకు చూపిచ్చి కలిపి వత్తు. అతికిందాకా చెయ్యి ఇడిచిపెట్టగాకు."

"ఎంత వేడి ఉండాల?"

పీరమ్మ మొదటిసారి అతని ముఖంలోకి సరిగా చూసింది. "అది నేను చెప్పేది కాదు. ముందు నీ చేతికి పెట్టుకో. నువ్వు ఓర్చుకునేంత అయినాకనే ఆమె చేతికి పెట్టు," అంది.

ఎంత సేపయిందో ఓబుళయ్యకు తెలియలేదు. సత్రానికి వచ్చేసరికి పొద్దు వాలింది. తోటివాళ్ళు మూటలు కట్టుకుని బస్సు కోసం సిద్ధంగా ఉన్నారు. స్వామివారు చేతికర్ర పట్టుకుని, కొండెక్కడానికి లేచి నిలబడి ఉన్నారు. ఓబుళయ్యను చూసి మళ్ళీ కూర్చున్నారు. అలవాటు ప్రకారం చెయ్యి చాచారు. ఓబుళయ్య రెండు గాజులూ ఆ చేతిలో పెట్టాడు.

"ఎవరు చేశారు?"

"పీరమ్మ చేసింది స్వామీ." అతకని గాజు వైపు చూపించి, "ఒకటి చేసింది. రెండోది ఇంకా పూర్తి కావాల," అన్నాడు.

స్వామివారు అతకని గాజును పైకెత్తి, సందులోంచి చూశారు. "దీన్ని వీళ్ళతో పంపుదామా?"

"పంపడానికి వీల్లేదు స్వామీ. ఎవరో ఒకరు దగ్గర కూర్చుని తొడగాల." ఓబుళయ్య తల దించుకుని, పిడకల సంగతీ, గరిటె సంగతీ, పెరట్లోంచి వచ్చిన పిలుపు సంగతీ నాలుగు మాటల్లో చెప్పాడు. అతను ఇంత తక్కువ మాటల్లో ఏదైనా చెప్పడం తోటివాళ్ళు అంతకుముందు వినలేదు. మూటలు కడుతున్నవాళ్ళు చేతులు ఆపి విన్నారు. సభలో ఆనాటి పరిహాసానికి నవ్వినవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు.

"నాలుగింటి బస్సుకు నేనూ పోతాను స్వామీ," అన్నాడు చివరికి. కొండెక్కే మాట ఎత్తలేదు. ఎత్తాలని అతనికి గుర్తుకూడా లేదు.

స్వామివారు గాజులు తిరిగి ఇచ్చారు. మామూలుగా ఒక్క చేత్తో ఇచ్చే మనిషి, ఆ వేళ రెండు చేతులా ఇచ్చారు. "ఇది అతికేటప్పుడు ఎంత వేడి ఉండాలో అడిగి తెలుసుకున్నావా?" అన్నారు.

"అడిగినాను. ముందు నా చేతికి పెట్టుకోమంది. నేను ఓర్చుకునేంత అయినాకనే ఆమె చేతికి పెట్టమంది."

బస్సు వచ్చి హారన్ కొడుతోంది. ఓబుళయ్య వంగి కాళ్ళకు దణ్ణం పెట్టి లేచేసరికి ఆయన దర్గా వైపు చూస్తున్నారు.

"ముప్ఫయ్యేళ్ళుగా నేనూ ఇదే చెబుతున్నాను ఓబుళయ్యా," అన్నారు స్వామివారు. "కాకపోతే, నిప్పు లేకుండా."